కూలి గడి

ఉలాన్‌బాతర్‌లో డిసెంబరు. మైనస్ ముప్ఫై రెండు.
నా గ్యారేజీ ఒక పాత ఓడ కంటైనరు,
గోడలకి ఫెల్టు, మూలన బొగ్గు పొయ్యి.
ఇక్కడ సగం ఊరు ప్రియస్‌లే నడుపుతుంది,
జపాన్‌లో ఎవరి చేతుల్లోనో అరిగి
కుడివైపు స్టీరింగుతోనే వచ్చి పడ్డవి.

ఆ మధ్యాహ్నం సెంగెదోర్జ్ గారు వచ్చారు.
రిటైరైన భూగోళం మాస్టారు, ఇప్పుడు టాక్సీ.
డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజను బొమ్మ,
పక్కన ఎర్ర త్రికోణం.
"నెలరోజులుగా నన్నే చూస్తోందయ్యా,
స్కూలు ఇన్‌స్పెక్టరులా."

స్కానరు పెట్టాను. పి సున్నా ఏ ఎనభై.
బ్యాటరీ మొత్తం మార్చమంటుంది.
ఆ పెట్టెకి వచ్చింది ఒక్క వాక్యమే.
దాన్ని నమ్మి రేటు చెప్పే మెకానిక్కు
జ్వరం చూసి పాడెకి వెదురు కొట్టేవాడు.

వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలీ విప్పితే
వేలెడు మందాన తెల్లటి ఉన్ని.
"మా తమ్ముడి గొర్రెపిల్లలు... మొన్న వసంతంలో..."
మాస్టారు సిగ్గుపడ్డారు.
లోపల ఇరవై ఎనిమిది అరలు.
మీటరు ముళ్ళు ఆనిస్తూ పోయాను:
ఏడు పాయింట్ ఎనిమిది, ఏడు పాయింట్ ఎనిమిది,
పందొమ్మిదో దాని దగ్గర ఆరున్నర.
రాగి పట్టీకి పచ్చటి చిలుం.
ఆ అర మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టుకున్నాను.

సిగరెట్టు పెట్టె వెనక అంచనా:
పాత అర ఒకటి, తొంభై వేలు.
పట్టీలకి పదిహేను.
కూలి, లక్షా పాతిక.
అంతా కలిపి రెండు లక్షల ముప్ఫై వేల తుగ్రిక్‌లు.
"మిగతా ఇరవై ఏడూ దీని ఈడువే మాస్టారూ.
ఇది బాగుచేయడం కాదు, గడువు కొనడం."

పటంలో లేని ఊరిని వెతుకుతున్నట్టు
ఆ అంకెల్ని చాలాసేపు చూశారు.
తర్వాత గొంతు తగ్గించి,
"దీపం ఒక్కటీ ఆర్పడానికెంత?"

ఐదు వేలు.
ఎందుకని అడగలేదు నేను.
అడిగితే చెప్పేసేవారు. అందుకే అడగలేదు.
ఒక మీట నొక్కాను,
బొమ్మ పోయింది, త్రికోణం పోయింది,
కింద నివురు కప్పిన నిప్పు అలాగే ఉంది.
ఉన్ని మాత్రం తీసి పారేశాను, ఊరికే.
అది నా మంచితనమని
ఆ రాత్రి ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

త్సగాన్ సార్ పండగకి పదిరోజుల ముందు
వెండి రంగు ప్రియస్ ఒకటి కుంటుతూ వచ్చింది.
దిగింది అరియున్‌జయా, కాన్పుల ఆసుపత్రిలో నర్సు,
రాత్రి డ్యూటీ కళ్ళతో.
"కోటీ పది లక్షలు, బ్యాంకు అప్పు.
కొన్ననాడు ఏ దీపమూ వెలగలేదండీ.
పాఠాలు చెప్పినాయన కదా,
బండిని నిదానంగా వాడుంటారనుకున్నా."

ఊళ్ళో వెండి రంగు ప్రియస్‌లు వేలు.
మూత ఎత్తేదాకా నాకు నేనే
అబద్ధం చెప్పుకోవచ్చు.
ఎత్తాను.
పందొమ్మిదో అర మీద ఇంటూ గుర్తు,
సుద్ద కూడా చెరగలేదు.
ఇరుగుపొరుగుకి అంటుకున్నట్టు
పద్దెనిమిదీ ఇరవయ్యీ కూడా పడుకున్నాయి.

"ఎంతవుతుంది?"
అందరూ అడిగే మాటే,
అంతే ఆశతో, అంతే భయంతో.

అరలు మూడు, రెండు లక్షల డెబ్బై వేలు, అని రాశాను.
పట్టీలకి పదిహేను, అని రాశాను.
కూలి, అని రాసి
అక్కడ ఆగాను.

కాగితం మీదికి వంగి చూసింది.
"ఇక్కడ అంకె వేయడం మర్చిపోయారు."
"సిరా గడ్డకట్టింది," అన్నాను.
ఈ ఊళ్ళో అది నిజంగానే జరుగుతుంది,
ఎవరూ అనుమానించరు.

కోటు విప్పి, లోపలి జేబులోంచి
తన పెన్ను తీసి ఇచ్చింది.
ఒంటి వేడికి వెచ్చగా ఉంది.
కాగితం మూలన చిన్న గీత గీసి చూశాను.
చక్కగా రాస్తోంది.